చిన్నాకి అత్తయ్య రాసేది: ఆ పాత వ్యాన్‌లో పడుకునే ముందు చదువు

ఒరేయ్ చిన్నా,

పాత ఫోక్స్‌వాగన్ వెస్ట్‌ఫాలియా, అదే లోపలే వండుకుని పడుకునే క్యాంపర్ వ్యాన్, కొన్నావట, అక్టోబర్‌లో కోడలు పిల్లతో అమెరికాలో గ్రాండ్ క్యానియన్, అక్కణ్ణించి బ్రైస్ క్యానియన్ వెళ్తావట, మీ అమ్మ చెప్పింది. 1987 మోడల్ అంటే నీకంటే పెద్దది కదరా. "వీడికేం పిచ్చి" అని మీ అమ్మ తిడుతుంటే నాకు లోపల్లోపల భలే సంతోషమేసింది, కానీ ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

టైర్లు, బ్రేకులు, కూలెంట్ పైపులు మెకానిక్ చూస్తాడు. నా గోలంతా చలీ గాలీ గురించే.

మా పెళ్లైన కొత్తలో అలాంటి వ్యాన్‌లోనే గ్రాండ్ క్యానియన్ దక్షిణపు అంచు, సౌత్ రిమ్‌లో మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లాం. సాయంత్రం మీ మావయ్య బొగ్గుల గ్రిల్ మీద మొక్కజొన్న పొత్తులు కాల్చాడు, రాత్రయ్యేసరికి చలి కొరికేస్తోంది, ఈయనగారు "పొగ ఆగిపోయింది కదే, మా నాయనమ్మ కుంపటి పక్కనే పడుకునేది" అంటూ ఆ గ్రిల్ తెచ్చి వ్యాన్‌లో పెట్టి, అద్దాలు బిగించి, తలుపు సందుల్లో తువ్వాళ్లు కుక్కాడు. ఆ నాయనమ్మది పెంకుటిల్లు, పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది, అది గుర్తు రాలేదు మహానుభావుడికి. బూడిద కప్పుకుని ఆరిపోతున్నట్టుండే బొగ్గే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని బాగా వదుల్తుంది, దానికి వాసనా లేదు రంగూ లేదు. నాకు తలనొప్పి మొదలైంది. అక్కడ దాదాపు 7,000 అడుగుల ఎత్తు కదా, దానివల్లే, నీళ్లు తాగి పడుకో అన్నాడు. అదేరా దరిద్రం, ఎత్తుకి వచ్చే తలనొప్పీ వాంతులూ, ఈ గ్యాస్‌కి వచ్చేవీ ఒకేలా ఉంటాయి. కక్కు వచ్చేలా ఉందని తలుపు లాగి దిగబోతే కాళ్లు తేలిపోయాయి. వెనక్కి తిరిగి ఆయన్ని లేపితే మాట ముద్దగా వస్తోంది. చొక్కా పట్టుకుని ఈడ్చి బయట కూర్చోబెట్టా. ఇప్పటికీ "ఆ రోజు కాస్త నీరసం" అంటాడు, నమ్మకు.

అందుకే ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం. వ్యాన్‌తో వచ్చిన పాతది ఉంటే వెనక్కి తిప్పి తేదీ చూడు, వాటికీ ఎక్స్‌పైరీ ఉంటుంది, బటన్ నొక్కితే కూసినంత మాత్రాన లోపల సెన్సర్ బతికున్నట్టు కాదు. అది పడుకునే చోటికి దగ్గర పెట్టు. వ్యాన్ స్టవ్‌కి వాడే ప్రొపేన్ గ్యాస్ లీక్ అలారం వేరు, ఆ గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి అది నేలకి దగ్గర ఉండాలి. ఏది మోగినా ఎందుకు మోగిందో వెతుకుతూ కూర్చోకండి నాయనా, ఇద్దరూ బయటికి, తర్వాత 911.

వెచ్చదనానికి స్టవ్ వెలిగించొద్దు. ఆ విషం సంగతి అలా ఉంచితే, కేజీ ప్రొపేన్ కాలితే కేజీన్నర పైనే నీళ్లు ఆవిరవుతాయి, అది తెల్లారేసరికి అద్దాల మీంచి కారి అతుకుల్లోకి దిగి తుప్పు పట్టిస్తుంది. నీ పప్పు కుక్కర్ విజిల్స్ కూడా బయటే. ఇంజిన్ ఆన్ చేసి పడుకోవడం అసలొద్దు, ఈ వ్యాన్‌లో ఇంజిన్ వెనక మంచం కిందే, మూత రబ్బరు అరిగిపోతే పొగ నేరుగా లోపలికే.

హీటర్ పెట్టించుకుంటే మండడానికి గాలి బయట్నించి తీసుకుని, పొగ బయటికే వదిలేది పెట్టించు, ప్రొపేన్‌తో నడిచే ప్రొపెక్స్ హీటర్ లాంటిది. పొగ గొట్టం అతుకులు ఊడకుండా, కిటికీల కిందకి రాకుండా చూడు. డీజిల్ది అయితే ఎత్తు మీద మసి పడుతుంది, పైగా నీది పెట్రోల్ బండి, దానికి వేరే ట్యాంక్.

ఎంత చలేసినా కిటికీ రెండు వేళ్లంత తెరిచి ఉంచండి, అవతలి పక్క ఇంకోటి. ఆ వ్యాన్‌కి పైకి లేచే పైకప్పు దించి కింద పడుకోండి, వేడంతా పైకే పోతుంది. ఆ పిల్లకి మంచి రజాయి కొను, నీ డొక్కు స్లీపింగ్ బ్యాగ్ ఇవ్వకు.

హీటర్ బిగించాక గొట్టం ఫోటో, అలారం వెనక తేదీ ఫోటో నాకు వాట్సాప్ చెయ్యి. మీ మావయ్యకి కాదు, నాకు.

అత్తయ్య