జీడిపప్పు ప్యాకెట్‌కి జిప్ అవసరమా?

ప్రశ్న: మాది పలాస. జీడి ఫ్యాక్టరీ నుంచి పప్పు తెచ్చి, ఇంట్లోనే వంద గ్రాములు, పావుకిలో, అరకిలో ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నాం. విప్పిన వారానికే మెత్తబడుతోందని కొన్నవాళ్లు అంటున్నారు. జిప్ కవర్లు వాడదామని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. ఆ ఖర్చుకి ఫలితం ఉంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అబ్బాయి మాట వినండమ్మా. పావుకిలో, ఆపైన ప్యాకెట్లకి జిప్ ఉండి తీరాలి. వంద గ్రాములవాటికి అక్కర్లేదు. విప్పిన పూటే అయిపోయేదానికి ఆ ఖర్చు దండగ.

మంచి జీడిపప్పులో తేమ ఐదు శాతం మించదు. ఆ కరకర అందుకే. మన వైపు వానాకాలం సంగతి మీకు తెలుసు. విజయనగరంలో మా ఇంట్లో ఉప్పు డబ్బాలోనే నీరు చేరుతుంది, ఇక విప్పిన పప్పు ఆగుతుందా? పైగా పప్పులో దాదాపు సగం నూనే. గాలి తగిలేకొద్దీ అది చెడి పాతనూనె వాసన వస్తుంది. రబ్బరు బ్యాండు చుట్టినా మడతల్లోంచి గాలి దూరుతూనే ఉంటుంది. జిప్ నొక్కితే ఆ దారి చాలావరకు మూసుకుంటుంది.

అయితే జిప్ పైన వేడి సీలు తప్పనిసరి. కొనేదాకా కాపాడేది సీలే, జిప్ పని విప్పాకే. పప్పు పోసేటప్పుడు గరాటు వాడండి. జిప్ గాడిలో నూక గానీ పొట్టు గానీ పడిందంటే ఎంత నొక్కినా బిగియదు. సీలు వేసేముందు పొడిగుడ్డతో గాడి తుడవండి, జిప్ కింద రెండు వేళ్ల ఖాళీ వదలండి. "గాలి తీసేసి, ఒక చివర నుంచి రెండో చివర దాకా నొక్కండి" అని కవరు మీద తెలుగులో రాయించండి. చాలామంది మధ్యలో నొక్కి వదిలేస్తారు.

ఇక మీ లాభం. మామూలు కవరైతే పప్పు డబ్బాలోకి, మీ పేరు చెత్తబుట్టలోకి పోతాయి. జిప్ కవరు పప్పు అయ్యేదాకా వంటింట్లోనే ఉంటుంది. పాయసానికి తీసినప్పుడల్లా మీ పేరు, ప్యాక్ చేసిన తేదీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు కళ్లబడతాయి. పలాస పప్పని అందరూ అమ్ముతారు, పలాసలో ఎవరి పప్పో గుర్తుండాలి కదా!

రకరకాల పొరలు అతికించిన కవర్లు రీసైకిల్ కావడం కష్టం, అదొక్కటే నాకు బాధ. పూర్తిగా పాలిథిలిన్‌తో చేసిన జిప్ కవర్లూ వస్తున్నాయి, అమ్మేవాళ్లని అడగండి.

ముందు అచ్చు లేని కవర్లు కొన్ని తెప్పించి స్టిక్కరు అంటించండి. ఒక ప్యాకెట్ విప్పి మీ వంటింట్లోనే పెట్టుకుని, పది రోజులపాటు రోజూ రెండు పప్పులు కొరికి చూడండి. ఆ తర్వాతే పెద్ద ఆర్డరు ఇవ్వండి.