రెండు కుర్చీలూ నువ్వే ఎక్కకు

కావలి

చిరంజీవి బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

నెల్లూరు దగ్గర రొయ్యల ఎగుమతి కంపెనీలో ప్లాంటు మేనేజరుగా చేరబోతున్నావని మీ అమ్మ ఫోను చేసింది. పెళ్లి కుదిరినంత సంబరంగా చెప్పింది. నాకూ సంతోషమే, వీధిలో నాలుగిళ్లకు చెప్పుకొని కూడా వచ్చాను. ఆ తరువాత అసలు మాట బయటపెట్టింది: పనిచోట లైంగిక వేధింపుల మీద ఆడవాళ్ల ఫిర్యాదులు విచారించే కమిటీకి కూడా నిన్నే అధ్యక్షురాలిని చేస్తారట, నువ్వు సరేనన్నావట. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఒక్క మాట అడగాలనిపించలేదా నీకు? ముప్పై ఏళ్లకు పైగా ఆఫీసుల్లో అరిగిపోయిన మనిషి ఇంట్లోనే ఉంది కదా!

వేళకు తిను. రాత్రిపూట హైవే మీద ఒంటరిగా కారు నడపకు. మీటింగులో నీ మాట మధ్యలో ఎవరైనా అందుకుంటే నవ్వి ఊరుకోకు, పూర్తి చేసి ఆపు. ఆ నవ్వు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, అది చూసి అందరూ నీ వాటా జంతికలు కూడా తినేసేవాళ్లు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇక అసలు సంగతి. నేను పనిచేసిన ఒక కంపెనీ, పేరెందుకులే, దాని యజమాని మంచివాడు. వెక్కిరింపుగా అనడం లేదు. పండక్కి అందరికీ బట్టలు పెట్టేవాడు, అటెండరు కూతురి పెళ్లి దగ్గరుండి జరిపించాడు. అక్కడ ఒక సేల్స్ మేనేజరు ఉండేవాడు, పెద్ద ఆర్డర్లన్నీ అతని మాట మీదే వచ్చేవి. నా పక్క బల్ల అమ్మాయి, కందుకూరు వైపు పిల్ల, ఒకరోజు ధైర్యం చేసి యజమాని గదిలోకి వెళ్లి అతని మీద ఫిర్యాదు చెప్పింది. ఆయన కూర్చోబెట్టి విన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు, "నా కూతురి లాంటిదానివి" అన్నాడు. వారం తిరగకుండా ఆ పిల్లకు వేరే ఊరి బ్రాంచికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. జీతం కూడా కాస్త పెంచాడు. ఆఫీసంతా ఆయన్ని ధర్మాత్ముడని మెచ్చుకుంది. ఆ అమ్మాయి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి క్యారియరు సంచిలో గిన్నెల కిందికి తోసింది, ఎవరి వంకా చూడలేదు. ఇంట్లోవాళ్లు "నువ్వేం చేస్తే పంపించారు?" అని అడిగారట. కొన్నాళ్లకు ఉద్యోగం మానేసింది.

అతనికేమైంది? ఏమీ కాలేదు. అతని కింద మరో అమ్మాయి చేరింది. ఈసారి ఫిర్యాదు రాలేదు. ఎందుకు వస్తుంది? నోరు విప్పితే పెట్టె సర్దుకోవలసింది ఎవరో అందరికీ తెలిసిపోయింది. ఫిర్యాదులు లేవు కనుక మనిషి మారాడని యజమాని నమ్మి, జనరల్ మేనేజరును చేశాడు. చివరికి సంగతి రచ్చకెక్కినప్పుడు "నా దాకా ఎవరూ తీసుకురాలేదే!" అన్నాడు. అబద్ధమాడాడని నేననుకోను, నిజంగానే మరిచిపోయాడు. ఆయన లెక్కలో అది బదిలీతోనే తీరిపోయింది. యజమాని దుర్మార్గుడైతే ఎవరో ఒకరు ఎదురుతిరిగేవాళ్లు. మంచివాడు కావడం వల్ల ఆయన్ని లెక్క అడిగినవాళ్లే లేరు.

అది పనిచోట వేధింపుల మీద సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన విశాఖ తీర్పు రాకముందు సంగతి. ఇప్పుడు ఆ వేధింపుల మీదే 2013 చట్టం ఉంది. విచారణ జరుగుతుండగా ఫిర్యాదు చేసిన ఆమెనైనా అవతలి మనిషినైనా మరోచోటికి మార్చమని కమిటీ సిఫారసు చెయ్యవచ్చు, కానీ ఆమె రాతపూర్వకంగా కోరితేనే. ఎవరైనా నీ దగ్గరికి వచ్చి "పాపం, ఆ అమ్మాయి మేలు కోసమే" అంటూ బదిలీ ఫైలు పెడితే, ఆమె రాసిన కాగితం ఏదని అడుగు.

నా భయం ఇంకొకటి ఉంది. ఆ చట్టంలో, పనిచోటును నడిపించి అదుపులో ఉంచే మనిషి కూడా యజమాని కిందికే వస్తారు. అంటే ప్లాంటు మేనేజరుగా నువ్వూ యజమానివే. కమిటీ నివేదిక అందాక 60 రోజుల్లో చర్య తీసుకోవలసింది యజమాని. రెండు కుర్చీలూ నువ్వే ఎక్కితే నివేదిక రాసేదీ నువ్వే, అందుకునేదీ నువ్వే. ఏదైనా చెడితే పైవాళ్లు "ఆడమనిషినే కదా పెట్టాం" అని చేతులు దులుపుకుంటారు. కమిటీకి మరో సీనియర్ ఉద్యోగినిని పెట్టమను. సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు, బయటి నుంచి ఒకరు ఉండాలి. ఆ బయటి మనిషి కంపెనీ లాయరుకు చుట్టం కాకుండా చూడు. హెడ్డాఫీసులో కమిటీ ఉందిగా అంటారు. అది చాలదు, ప్లాంటుకు విడిగా ఉండాలి.

చేరగానే షెడ్డులో కాసేపు నిలబడు. ఐసు నీళ్లలో నాని తెల్లబడిన వేళ్లు, తలలు తుంచీ తుంచీ గోరు పక్కన చీలిన బొటనవేళ్లు కనిపిస్తాయి. వాళ్లలో చాలామందిని కాంట్రాక్టరు తీసుకొచ్చి ఉంటాడు. చట్టానికి ఆ తేడా లేదు, రోజుకూలి అయినా ఉద్యోగినే. తెల్లవారుజామున ఊళ్ల నుంచి వాళ్లను తెచ్చే కంపెనీ బస్సు కూడా పనిచోటే. డ్రైవరో మేస్త్రీనో వెకిలి వేషాలు వేస్తే "వాడు మా మనిషి కాదు" అనే మాట నీ నోట రాకూడదు. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. రాయడం రాని మనిషికి రాసిపెట్టే బాధ్యత కమిటీది.

తలలు తీసేది ఆడవాళ్లు, తూకం పుస్తకం పట్టుకునేది మగవాళ్లు. సమాన వేతనాల చట్టం 1976లోనే వచ్చినా, "పని వేరు కదా" అని దాటేస్తూనే ఉన్నారు. ఏళ్ల తరబడి తలలు తీస్తూ పుస్తకం చేతికి రాని ఆడవాళ్ల జాబితా మొదటి నెలలోనే తెప్పించు. మన జిల్లా ఆడవాళ్లు తక్కువ వాళ్లు కాదు. 1992లో దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం మొదలైనప్పుడు తాగొచ్చిన మొగుళ్లతో తగువుపడి ఊరుకోలేదు, సారా వేలం పాటలు పెట్టే ప్రభుత్వాన్నే పట్టుకున్నారు. మరుసటి ఏడు అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. నువ్వు కూడా మేస్త్రీని తిట్టి సరిపెట్టుకోకు, అతన్ని పెట్టిందెవరో అడుగు.

మీ అమ్మమ్మ కస్తూరిదేవి విద్యాలయంలో చదువుకుంది, పొనకా కనకమ్మ గారు 1923లో పెట్టిన బడి. పెళ్లితో చదువాగింది గానీ, కరెంటు బిల్లు కూడా అక్షరమక్షరం చదవనిదే డబ్బు తీసేది కాదు. నీకు ఆమె పోలికే వచ్చిందని అందరితో చెప్పుకుంటాను.

నియామక ఉత్తర్వు రాగానే, సంతకం పెట్టకముందే నాకొక కాపీ పంపు. మేస్త్రీని తీసేసే అధికారం, కాంట్రాక్టు రద్దు చేసే అధికారం నీకు ఉన్నాయో లేదో చూస్తాను. లేకపోతే రాయించుకో. వాళ్లు మొహం చిట్లిస్తే చేరడం ఒక వారం ఆలస్యమవుతుంది, కొంపలేమీ మునగవు. ఇల్లు వెతికే పని మీ పెద్దనాన్న నెత్తిన వేసుకున్నారు. మేడ మీద వాటా కావాలో కింద వాటా కావాలో ఆయనకు ఫోను చేసి చెప్పు.

పెద్దమ్మ