లెక్కలతో కాసేపు: మూతలేని డబ్బా

ప్రశ్న: సార్, నేను ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం. 24 సెం.మీ. పొడవు, 9 సెం.మీ. వెడల్పున్న అట్టకు నాలుగు మూలల్లో సమాన చతురస్రాలు కత్తిరించి, అంచులు పైకి మడిచి డబ్బా చేయాలి. ఎంత కత్తిరిస్తే డబ్బాలో ఎక్కువ పడుతుంది? నాకు రూట్ 193 వచ్చింది. మా ఫ్రెండ్‌కు 2, 9 వచ్చాయి, రెండూ జవాబుగా రాసింది. నాకు కాల్క్యులస్ రాదేమోనని భయమేస్తోంది. చేసిన కాగితం పంపుతున్నాను.
(ఒక విద్యార్థిని, పరకాల)

జవాబు: బిడ్డా, నీ కాగితం రెండుసార్లు చూశాను. నీకు కాల్క్యులస్ వచ్చు. అవకలనం (డిఫరెన్షియేషన్) చేసిన వరుసలో ఒక్క తప్పు లేదు. తప్పు దానికి పైన, మామూలు గుణకారంలో ఉంది.

కత్తిరించే చతురస్రం భుజం ఎక్స్. రెండు వైపులా పోతుంది కాబట్టి పొడవు 24 - 2ఎక్స్, వెడల్పు 9 - 2ఎక్స్, ఎత్తు ఎక్స్. ఇది సరిగ్గా పెట్టావు, చాలామంది ఒకవైపే తీసేస్తారు. ఇప్పుడు పొడవు, వెడల్పు గుణిస్తే ముందు 216, తర్వాత -48ఎక్స్, -18ఎక్స్ కలిసి -66ఎక్స్. చివర -2ఎక్స్ ఇంటూ -2ఎక్స్. అది +4ఎక్స్². నువ్వు -4ఎక్స్² రాశావు. ఆ గుర్తు దగ్గర ఒకసారి కొట్టేసి మళ్లీ దిద్దిన ఆనవాలుంది. అనుమానం వచ్చింది, కానీ ఆగలేదు.

అలాంటప్పుడు ఎక్స్ బదులు 1 వేసి చూడు. డబ్బా 22 × 7 × 1, అంటే 154. నీ విస్తరణలో -4 - 66 + 216, అంటే 146. అక్కడే దొరికిపోతుంది. అవకలనం మొదలుపెట్టే ముందు ఈ అర నిమిషం పని తప్పకుండా చెయ్యమ్మా.

సరైన ఘనపరిమాణం 4ఎక్స్³ - 66ఎక్స్² + 216ఎక్స్. దాని అవకలజం 12ఎక్స్² - 132ఎక్స్ + 216. సున్నాకు సమానం చేసి 12తో భాగిస్తే ఎక్స్² - 11ఎక్స్ + 18 = 0. మూలాలు 2, 9.

ఇక మీ ఫ్రెండ్ సంగతి. అట్ట వెడల్పే 9. రెండు వైపులా తొమ్మిదేసి కత్తిరించడానికి అట్ట ఏది? ఎక్స్ 4.5 కన్నా తక్కువ ఉండాలని లెక్క మొదట్లోనే రాసుకుంటే 9 దానంతటదే పోతుంది. రెండో అవకలజం 24ఎక్స్ - 132. ఎక్స్ 2 అయితే -84, ఋణాత్మకం. కాబట్టి అక్కడ గరిష్ఠం, 20 × 5 × 2 = 200 ఘన సెం.మీ.

హన్మకొండలో పాఠం చెప్పిన రోజుల్లో ఈ లెక్కకు పాత క్యాలెండర్ అట్టలు, కత్తెర, ఒక సంచిలో బియ్యం పట్టుకెళ్లేవాణ్ణి. 2 సెం.మీ. కత్తిరించిన డబ్బా నిండా బియ్యం పోసి, 3 సెం.మీ. డబ్బాలోకి వంచితే బల్ల మీద చిందేవి. అందులో పట్టేది 162 మాత్రమే. వెనక బెంచీ పిల్లలు కూడా లేచి వచ్చి చూసేవారు. రెండో అవకలజం అప్పటిదాకా వాళ్లకు బోర్డు మీది గుర్తే.

మీడియం గురించి బెంగ వద్దు. మాక్సిమమ్ అంటే గరిష్ఠం, డెరివేటివ్ అంటే అవకలజం. నాలుగు రోజుల్లో అలవాటవుతాయి.

ఇప్పుడు 15, 8 కొలతల అట్టతో ఇదే లెక్క చెయ్యి. 5/3 రావాలి. ఫెయిర్ చేయకుండా, కొట్టివేతలతో సహా ఆ కాగితం పంపు.