చలికాలంలో పెరటి పక్షులను బెదరగొట్టకుండా, స్పష్టంగా ఫొటో తీయడం ఎలా?

కెమెరా ఎత్తగానే పిట్టలు ఎగిరిపోతున్నాయని, కిటికీలోంచి తీసినవేమో మసకగా వస్తున్నాయని మీరు రాశారు. మొదటి చలికాలమంతా నేనూ ఈ రెండు చిక్కులతోనే అవస్థ పడ్డాను. ఇప్పుడు ఎవరడిగినా నేను చెప్పేది ఒక్కటే: ముందు ఒక వారం కెమెరా ముట్టుకోకుండా రోజూ ఒకే వేళకు, ఒకే చోట కదలకుండా కూర్చోండి.

అలా కూర్చున్నాకే, పిచ్చుకలు గింజల మీదికి నేరుగా దిగవని, ముందు దగ్గరి పొదలో గుమిగూడి, ఒకటి ధైర్యం చేసి దిగాకే మిగిలినవి వస్తాయని నాకు తెలిసింది. మా నీటిపళ్లెం దగ్గరికి వచ్చే పిగిలిపిట్ట ప్రతిసారీ ఒకే ఎండుకొమ్మ మీద ఆగి, చుట్టూ చూసుకుని గానీ దిగేది కాదు. ఆ కొమ్మ తెలిశాక పిట్ట వెంట కెమెరా తిప్పవలసిన పనే లేకపోయింది. కొమ్మ మీద ముందే ఫోకస్ పెట్టుకుని, దాని వెనుక నాలుగైదు మీటర్ల దూరం ఖాళీగా ఉండేలా చూసుకుంటే సరిపోయింది.

ఒక ఉదయం అదే పిట్ట ఈకలన్నీ ఉబ్బించుకుని బంతిలా కూర్చుంది. ఒక కాలు పొట్ట ఈకల్లోకి ముడుచుకుంది, ముక్కు చివర నీటిబొట్టు మెరుస్తోంది. ఈకల మధ్య నిలిచే గాలే దానికి దుప్పటి, ఎందుకంటే బయట ఎంత చలిగా ఉన్నా అది ఒంటి వేడిని 40 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల నిలుపుకోవాలి. ఇంకా దగ్గరగా తీయాలన్న ఆశతో నేను ఒక అడుగు ముందుకు వేశాను. అది చటుక్కున ఈకలు బిగించి, మెడ సాచి, ఎగిరిపోయింది, ఆ పూట మళ్లీ రాలేదు. పగలు తక్కువ, రాత్రి పొడుగు అయిన ఈ కాలంలో దాని తిండివేళను నేను చెడగొట్టానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. పిట్ట మెడ సాచి మీ వైపు చూసిందంటే అక్కడే ఆగిపోండి. రికార్డు చేసిన కూతలు వినిపించి దాన్ని రప్పించే ప్రయత్నం కూడా దయచేసి చేయకండి.

ఇక మసక సంగతి. వెచ్చటి గదిలోంచి తెరిచిన కిటికీ గుండా తీస్తే, లోపలి వేడిగాలి, బయటి చలిగాలి కలిసేచోట గాలి అలలాడి, ఎంత మంచి లెన్స్ అయినా బొమ్మ కరిగినట్టు వస్తుంది. బయటే కూర్చోవడం మేలు. అది కుదరకపోతే శుభ్రంగా తుడిచిన అద్దానికి లెన్స్‌ను ఏటవాలుగా కాకుండా సూటిగా ఆనించి, గదిలో దీపాలు ఆర్పి తీయండి. కొమ్మ మీద కూర్చున్న చిన్న పిట్టకు షట్టర్ వేగం సెకనులో 500వ వంతు కన్నా నెమ్మదిగా లేకుండా, ఎగిరేదానికి 2000వ వంతు దాకా పెట్టుకోండి. అందుకోసం ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) 1600కు పెంచవలసి వచ్చినా వెనకాడవద్దు, ఫొటోలో కాస్త గరుకుదనాన్ని తర్వాత తగ్గించుకోవచ్చు గానీ, కదిలిపోయిన కన్నును బాగుచేయలేము. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే ఉండాలి. తెల్లటి ఆకాశం వెనుక ఉంటే ఎక్స్‌పోజర్‌ను (ఫొటోకు అందే వెలుగును) ఒక స్టాప్, అంటే రెట్టింపు, పెంచండి, లేకపోతే పిట్ట నల్లటి నీడలా మిగిలిపోతుంది. చలికాలపు సూర్యుడు కిందుగానే నడుస్తాడు కాబట్టి మంచి వెలుగు చాలాసేపు దొరుకుతుంది, తొందరపడనక్కరలేదు.

పళ్లెంలో నీళ్లు రెండు, మూడు సెంటీమీటర్ల లోతు చాలు. దాన్ని, గింజల గిన్నెను రోజూ కడగండి, ఎందుకంటే పక్షులు గుమిగూడేచోట రోగాలు త్వరగా పాకుతాయి. ఎండ బాగా ఎక్కాక కూడా ఏదైనా పిట్ట ఈకలు ఉబ్బించుకుని, మనిషి దగ్గరికి వచ్చినా కదలకుండా ఉందంటే అది చలి కాదు, జబ్బు అయివుండవచ్చు. అలాంటిది కనిపిస్తే గిన్నెలు తీసేసి, కొన్ని వారాలు తిండి పెట్టడం ఆపండి.