ముందు వెలుతురు చూడు, తర్వాత కెమెరా ఎత్తు

చిన్నా,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. కెమెరాలో ఏ లోపమూ లేదు, లెన్స్ మార్చాల్సిన పని అసలే లేదు. నువ్వు మనిషిని చూస్తున్నావు గానీ, ఆ మనిషి మీద వెలుతురు ఎటునుంచి పడుతోందో చూడట్లేదు.

అమ్మమ్మ ఫోటోనే తీసుకో. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టావు, కళ్ల కింద నల్లటి నీడలు పడ్డాయి, పాపం కళ్లు చికిలించింది కూడా. అదే ఆవిణ్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, గదిలో లైట్లన్నీ ఆపేసి, ముఖం కాస్త కిటికీ వైపు తిప్పమను. ఒక చెంప మీద మెత్తగా పడిన వెలుతురు రెండో చెంప వైపు వెళ్లేకొద్దీ నెమ్మదిగా తగ్గుతుంది, కంట్లో కిటికీ చిన్న తెల్లచుక్కలా మెరుస్తుంది. ఆ చుక్క ఉంటేనే చూపులో ప్రాణం ఉంటుంది. ఫోకస్ కెమెరాకి దగ్గరగా ఉన్న కంటి మీదే పెట్టు. బయట తీయాలంటే పొద్దున్నే, లేదా పొద్దు వాలే ముందు.

సెట్టింగుల గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. అపర్చర్ ప్రయారిటీలో పెట్టుకో, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం ఎంత తెరుచుకోవాలో నువ్వు చెబుతావు, షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది. ఆ రంధ్రం కొలతే ఎఫ్. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువొస్తుంది, వెనకున్నది మసకబారుతుంది, ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 4కి వెళితే వెలుతురు సగమైపోతుంది. 50 ఎంఎం లెన్స్‌తో చేత్తో తీస్తే షట్టర్ 1/50 సెకను కంటే నెమ్మది కానివ్వకు, పరిగెత్తే పిల్లలకైతే 1/500 సెకను వేగమైనా కావాలి. అంత రాకపోతే ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి, పెంచెయ్. కాస్త గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, ఉన్నా ఫోటో బతుకుతుంది, షేక్ అయితే ఏమీ చేయలేం.

తెల్లబట్టలు బూడిదరంగులో వస్తున్నాయన్నావు కదా, కెమెరా తన ముందున్న దేన్నైనా మధ్యరకం బూడిదరంగే అనుకుని కొలుస్తుంది, అందుకే తెల్లనివాటిని ముదురు చేసేస్తుంది. ఫోటోని కావాలని వెలుతురుగానో ముదురుగానో చేసే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని +1కి తిప్పి చూడు.

ఫ్రేమ్‌ని మూడు భాగాలు చేసి మనిషిని ఓ గీత మీద పెట్టాలని అందరూ చెబుతారు, మంచిదే, తెర మీద ఆ గీతలు చూపించే గ్రిడ్ ఆన్ చేసుకో. నేను మాత్రం అంతకంటే ముందు నాలుగు అంచులూ, తల వెనకా చూడమంటాను. నేను ఫిల్మ్ మీద నేర్చుకున్నాను, రోల్‌కి 36 ఫోటోలే. నేను తీసినవాటిలో మా నాన్నది ఒక్కటే మిగిలింది, అందులో ఆయన నెత్తి మీంచి కరెంటు స్తంభం మొలిచినట్టుంటుంది. ఒక్క అడుగు పక్కకి జరిగి ఉంటే అది తల వెనక నుంచి తప్పుకునేది. ఆ ఫోటో చూసినప్పుడల్లా ఆ అడుగే గుర్తొస్తుంది నాకు.

ఈ వారం ఇంకేమీ తీయకు. అదే కిటికీ దగ్గర, అమ్మమ్మనే, పొద్దున ఓసారి సాయంత్రం ఓసారి, దగ్గరగా వెళ్లి, దూరం జరిగి, కింద కూర్చుని, ఓ ఇరవై తియ్యి. బాగోలేదని ఏదీ డిలీట్ చేయకుండా అన్నీ పంపు.

మీ బాబాయ్