పాఠకుల ప్రశ్నలు: మెల్‌బోర్న్‌లో మార్చి విందులు

ప్రశ్న: మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే మార్చిలో మేమిద్దరం అక్కడికి వెళ్తున్నాం. ఆ రోజుల్లో జరిగే ఫుడ్ అండ్ వైన్ ఫెస్టివల్‌కు తీసుకెళ్తానని వాడు పట్టుబడుతున్నాడు. మేము శాకాహారులం, మద్యం ముట్టం. పేరులోనే వైన్ ఉన్న చోట మాకేం పని? (గుంటూరు పాఠకురాలు)

జవాబు: పేరు చూసి వెనుకాడనక్కర్లేదు. 1993లో మొదలైన ఈ ఉత్సవాన్ని లాభాపేక్ష లేని ఒక సంస్థ ఏటా మార్చిలో నిర్వహిస్తోంది. కోవిడ్ వల్ల 2020 మార్చిలో మాత్రం జరగలేదు. దీనికి ఒకే మైదానం, ఒకే గేటు, ఒకే టికెట్టు అంటూ ఉండవు. నగరమంతటా ఉన్న రెస్టారెంట్లు, బేకరీలు, బార్లు తమ తమ చోట్ల ప్రత్యేకంగా విందులు ఏర్పాటు చేస్తాయి, దేని టికెట్టు దానిదే. కాబట్టి కార్యక్రమాల పట్టిక వెలువడగానే మీకు నచ్చినవి ఎంచుకుని, మిగతావి వదిలేయవచ్చు.

అన్నింటిలోకి పేరుపడ్డది ‘వరల్డ్స్ లాంగెస్ట్ లంచ్’. ఉద్యానవనంలో చెట్ల నడుమ వందల మీటర్ల పొడవున బల్లలు కలిపి వేసి, వెయ్యి మందికి పైగా అతిథులను ఒకేసారి కూర్చోబెట్టి, మూడు విడతలుగా భోజనం పెడతారు. ఇటీవలి సంవత్సరాల్లో ఇది కింగ్స్ డొమెయిన్‌లో జరుగుతోంది. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి ప్రిన్సెస్ వంతెన దాటి నడిచి వెళ్లవచ్చు. బంతి భోజనాల్లో వడ్డన ఎలా సాగుతుందో ఎరిగిన మీకు, తెల్ల గుడ్డ పరిచిన ఆ బల్ల ఈ కొస నుంచి ఆ కొస దాకా పళ్లేలు చేరవేసే మనుషుల హడావిడి చూడముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ టికెట్టు ధరలో వైన్ ఖరీదు కూడా కలిసి ఉంటుంది. మద్యం ముట్టని ఇద్దరు శాకాహారులు అంత డబ్బు పెట్టడం నా దృష్టిలో దండగ. దానికి బదులు గత కొన్నేళ్లుగా ఫెడరేషన్ స్క్వేర్‌లో పెడుతున్న ‘బేకర్స్ డజన్’ లాంటి సందడికి వెళ్లండి. పేరున్న బేకరీలన్నీ అక్కడ ఒక్కచోట చేరతాయి, నచ్చింది కొనుక్కుని తినవచ్చు.

శాకాహారం గురించి మాత్రం ఒకటికి రెండుసార్లు చెప్పాలి. ఆస్ట్రేలియాలో ‘వెజిటేరియన్’ అంటే మాంసం, చేప ఉండవని అర్థం, గుడ్డు ఉండవచ్చు. కూరగాయల సూప్‌ను చికెన్ ఉడికించిన నీళ్లతో (స్టాక్) చేసే వంటవాళ్లు ఉంటారు. థాయ్, వియత్నామీస్ వంటల్లో ఉప్పుకు బదులు చేపల సాస్ పడుతుంది. నోట్లో కరిగిపోయే చల్లని తీపి పదార్థాల్లో జెలటిన్ ఉండవచ్చు, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. అసలైన పార్మెజాన్ చీజ్‌లో పాలు విరగడానికి వాడేది దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్. అందుచేత టికెట్టు కొనేటప్పుడే ‘గుడ్డు, చేపల సాస్, జెలటిన్, మాంసపు స్టాక్ వద్దు’ అని విడివిడిగా రాయమని మీ అబ్బాయికి చెప్పండి. ముందుగా తెలిస్తే వేరే వంటకం సిద్ధం చేస్తారు గానీ, వందల మందికి వడ్డిస్తున్న వేళ చెబితే వాళ్లు మాత్రం ఏం చేయగలరు?

ఇంకొక్క మాట. దక్షిణార్ధగోళంలో ద్రాక్ష కోతలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి కాబట్టి, ఈ పండుగ కోతల కాలంలోనే వస్తుంది. నగరం నుంచి కారులో గంట దూరంలో ఉన్న యారా వ్యాలీలో, యెరింగ్ అనే చోట 1838లోనే ద్రాక్ష నాటారు. మెల్‌బోర్న్ రాజధానిగా ఉన్న విక్టోరియా రాష్ట్రంలో తొలి వైన్ తోట అదే. ఒక పూట అటు వెళ్లి రండి. వైన్ తాగకపోయినా తోటలు చూడవచ్చు, చీజ్, జామ్, పండ్లు రుచి చూడవచ్చు. మెల్‌బోర్న్ మార్చిలో పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన, సాయంత్రం చలి మామూలే కనుక గొడుగు, స్వెట్టర్ మరవకండి. మార్చిలోనే కారు పందేలు కూడా జరుగుతాయి, ఆ వారాంతంలో హోటల్ గదుల అద్దె చుక్కలనంటుతుంది. మీ అబ్బాయి ఇల్లు ఉంది కాబట్టి మీకు ఆ బెడద లేదు.

ప్రశ్న: వైన్ ద్రాక్ష రసమే కదా, అందులో శాకాహారం, మాంసాహారం అనే తేడా ఉంటుందా? (విశాఖపట్నం పాఠకుడు)

జవాబు: ఉంటుంది. పులిసిన రసంలో తేలే మడ్డిని దించి తేటపరచడానికి తయారీదారులు కొన్ని పదార్థాలు కలుపుతారు. కోడిగుడ్డు తెల్లసొన, పాల నుంచి తీసే కేసిన్, జెలటిన్, చేప తిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ పాతకాలం నుంచీ వాడుకలో ఉన్నవే. మడ్డితో పాటు అవి కూడా అడుగుకు దిగిపోతాయి, సీసాలోకి దాదాపుగా రావు. అయినా పట్టింపు ఉన్నవాళ్లు ‘వీగన్’ (జంతు పదార్థాలేవీ వాడనిది) అని ముద్రించిన సీసా అడగవచ్చు, వాటిలో బెంటొనైట్ అనే బంకమట్టి వంటివి వాడతారు. అసలు తేటపరచకుండా వదిలేసే తయారీదారులూ ఉన్నారు.

ప్రశ్న: మా అమ్మాయి అక్కడ చదువుకుంటోంది. స్నేహితులతో వైన్ రుచి చూడటానికి వెళ్లి, తిరుగు ప్రయాణంలో తనే కారు నడుపుతానంటోంది. చట్టం ఏమంటుంది? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: నడపవద్దని గట్టిగా చెప్పండి. విక్టోరియాలో పూర్తి లైసెన్సు ఉన్నవారి రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం కంటే తక్కువ ఉండాలి. ఎల్ (నేర్చుకుంటున్నవారు), పి (కొత్తగా లైసెన్సు పొందినవారు) ప్లేట్ల మీద నడిపేవారికి అది సున్నా, ఒక్క గుక్క కూడా తప్పే. 10 గ్రాముల ఆల్కహాల్‌ను అక్కడ ఒక ‘స్టాండర్డ్ డ్రింక్’గా లెక్కిస్తారు. 13 శాతం ఆల్కహాల్ ఉన్న 750 మిల్లీలీటర్ల సీసాలో అలాంటివి ఏడున్నరకు పైనే ఉంటాయి. రుచి చూపేటప్పుడు పోసేది కొద్దిగానే అయినా, పది బల్లల దగ్గర పది రకాలు తాగితే లెక్క తప్పుతుంది. నోట్లో తిప్పి పక్కనున్న పాత్రలో ఉమ్మేయడం అక్కడ మర్యాదకు లోటు కాదు, వృత్తిలో ఉన్నవాళ్లు చేసేదే అది. అయినా పి ప్లేటు ఉన్న పిల్ల ఆ ధైర్యం కూడా చేయకూడదు. 18 ఏళ్లు నిండనివారికి మద్యం పోయరు కాబట్టి వయసు చూపే కార్డు వెంట ఉంచుకోమనండి, రైలెక్కి ఇంటికి రమ్మనండి.

ప్రశ్న: నేను మెల్‌బోర్న్‌లో ఇంట్లో పూతరేకులు చుట్టి తెలిసినవారికి అమ్ముతుంటాను. అలాంటి ఉత్సవంలో బల్ల పెట్టుకోవచ్చా? (టార్నీట్ పాఠకురాలు)

జవాబు: పెట్టుకోవచ్చు గానీ, ముందు మీ వంటగది సంగతి తేల్చుకోవాలి. 1984 నాటి ఫుడ్ యాక్ట్ ప్రకారం, ఇంట్లో వండి అమ్మేవారు కూడా స్థానిక కౌన్సిల్‌కు తెలియజేయాలి లేదా అక్కడ నమోదు కావాలి. మీ పదార్థం ఏ తరగతిలోకి వస్తుందో కౌన్సిల్ ఆరోగ్య విభాగం చెబుతుంది. తెలిసినవారికి అమ్మినా ఆ నిబంధన వర్తిస్తుంది, కాబట్టి ఆలస్యం చేయకండి. జీడిపప్పు, బాదం వాడితే ఆ సంగతి కొనేవారికి స్పష్టంగా తెలపాలి. నెయ్యి పాల పదార్థం కనుక దాన్నీ చెప్పాలి. ఆ పని పూర్తయ్యాక మొదటిసారే పెద్ద ఉత్సవానికి దరఖాస్తు పెట్టకుండా, మీ పేటలో వారాంతపు సంతలో నాలుగు వారాలు అమ్మి చూడండి. పూతరేకు గాలి తేమకు మెత్తబడుతుంది, ఆరుబయట బల్ల మీద ఎంతసేపు నిలుస్తుందో అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత ఉత్సవ నిర్వాహకులకు రాయండి, కార్యక్రమాలను నెలల ముందే ఖరారు చేస్తారు.