ఆందోళనకు మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 34. రెండేళ్లుగా చిన్న విషయానికే గుండె దడ, నిద్ర పట్టకపోవడం, ఏదో జరగబోతోందన్న భయం. మా అమ్మకూ ఇలాగే ఉండేది. డాక్టరు ఎస్సిటలోప్రామ్ రాశారు కానీ భయపడి మొదలుపెట్టలేదు. ఆందోళనకు మైక్రో ఆర్‌ఎన్‌ఏలే కారణమని ఈమధ్య చదివాను. రక్తపరీక్షలో అది తెలుస్తుందా? మా పాపకూ వస్తుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు పరీక్ష సంగతి. అవసరం లేదమ్మా. ఆందోళన జబ్బును నిర్ధారించే మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఇప్పటికైతే వైద్యంలో వాడుకలో లేదు. ఎక్కడైనా చేయించుకున్నా, ఆ రిపోర్టు చూసి మీ డాక్టరు మందు మార్చేదేమీ ఉండదు.

అలాగని మీరు చదివింది కట్టుకథ కాదు. జన్యువులోని సమాచారం మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏగా నకలవుతుంది. ఆ నకలును బట్టి కణం ప్రొటీన్ తయారుచేస్తుంది. సుమారు 22 జన్యు అక్షరాల పొడవుండే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క, అంటే మైక్రో ఆర్‌ఎన్‌ఏ, వెళ్లి ఆ నకలుకు అతుక్కుంటే ప్రొటీన్ తయారీ తగ్గుతుంది. స్విచ్ కట్టేసినట్టు కాదు, ఫ్యాను రెగ్యులేటర్ కాస్త తిప్పినట్టు. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ దీన్ని ఒక మిల్లీమీటరు పురుగులో కనిపెట్టినప్పుడు, అది ఆ పురుగుకే పరిమితమైన వింత అనుకున్నవాళ్లే ఎక్కువ. 2024లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

‘మైక్రో ఆర్‌ఎన్‌ఏలే కారణం’ అన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. మెదడులో భయానికి కేంద్రం లాంటి భాగం అమిగ్డలా. ఎలుకలను ఒత్తిడికి గురిచేస్తే అక్కడ మిర్-34సి అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ పెరుగుతుంది. ఒత్తిడి హార్మోను సంకేతాన్ని అందుకునే రిసెప్టర్‌ను అది తగ్గిస్తుంది. ఈ మిర్-34సిని కావాలని పెంచి చూస్తే ఎలుకల్లో బెదురు తగ్గింది. అంటే అది శరీరం తనకు తానే వేసుకునే బ్రేకు. మిర్-135 అనే మరొకటి, మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం వ్యవస్థను అదుపులో ఉంచుతుంది. అది ఎక్కువగా ఉన్న ఎలుకలు ఒత్తిడిని బాగా తట్టుకున్నాయి. డిప్రెషన్ మందులు ఇచ్చిన ఎలుకల్లో దాని మోతాదు పెరిగింది కూడా. మీరు పక్కన పెట్టిన మాత్ర సెరటోనిన్ మీద పనిచేసేదే.

మరి రక్తంలో కొలిస్తే ఏం పోయింది అంటారేమో. ఒక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందల జన్యువులను ప్రభావితం చేయగలదు. రక్తంలో కనిపించేవి రక్తకణాలు, కాలేయం, కండరాలు ఇలా ఎక్కడినుంచైనా రావచ్చు. వ్యాయామం చేసినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా, ఆఖరికి శాంపిల్‌లో ఎర్రకణాలు పగిలినా అంకెలు మారతాయి. అమిగ్డలాలో ఏం జరుగుతోందో అందులో వెతకడం కష్టం.

పాప గురించి: కవల పిల్లలపై జరిగిన అధ్యయనాల ప్రకారం ఆందోళన జబ్బుల్లో వంశపారంపర్యం వాటా సుమారు 30-40 శాతం. మీకుంది కాబట్టి ఆమెకు వచ్చి తీరుతుందని కాదు. పాప బెదిరితే ఆ పరిస్థితినుంచి పూర్తిగా తప్పించకుండా, పక్కనే ఉండి కొద్దికొద్దిగా అలవాటు చేయండి.

మీరు చేయించుకోవాల్సిన పరీక్ష థైరాయిడ్‌ది. గుండె దడ ఉంది కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూడాలి. కాఫీ తగ్గించండి. ఎస్సిటలోప్రామ్ గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో కొందరికి అలజడి కాస్త పెరుగుతుంది. చాలామంది మానేసేది సరిగ్గా అప్పుడే! తక్కువ మోతాదుతో మొదలుపెట్టమని అడగండి. గర్భం, పాలివ్వడం, వేరే మందులు ఏమైనా ఉంటే ముందే చెప్పండి. సొంతంగా ఒక్కసారిగా ఆపకండి. దానికి తోడు సీబీటీ అనే మాటల చికిత్స తీసుకుంటే మంచిది. కొందరికి అదొక్కటే సరిపోతుంది. నిద్ర కోసమని ఆల్‌ప్రజోలామ్ లాంటివి మీకు మీరే వాడొద్దు, త్వరగా అలవాటవుతాయి. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అప్పటికప్పుడే ఆస్పత్రికి వెళ్లండి.